కొత్త కణం ఎలా పుడుతుంది? ష్వాన్ చెప్పినట్టా, రీమాక్ చెప్పినట్టా

సెల్ థియరీ, అంటే జీవులన్నీ కణాలతోనే తయారయ్యాయనే సిద్ధాంతం, అనగానే స్కూల్లో ష్లైడెన్, ష్వాన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల పేర్లు చెప్పేసి ముందుకెళ్ళిపోతారు, కానీ వాళ్ళు చెప్పినదాంట్లో కొంత నిలబడింది కొంత పోయింది, ఆ పోయిన ముక్కే అసలు ఇంట్రెస్టింగ్. మొక్కలన్నీ కణాలతోనే తయారయ్యాయని 1838లో ష్లైడెన్, జంతువులు కూడా అంతేనని 1839లో ష్వాన్ అన్నారు, ఇది కరెక్టే. కొత్త కణం ఎలా వస్తుందంటే మాత్రం, చిక్కటి ద్రవంలాంటి పదార్థంలో ముందు కేంద్రకం ఏర్పడి దాని చుట్టూ కణం పెరుగుతుందన్నారు, ష్వాన్ అయితే దీన్ని స్ఫటికాలు ఏర్పడటంతో పోల్చాడు.

బెర్లిన్‌లో పనిచేసిన రీమాక్ అనే శాస్త్రవేత్త ఇది ఒప్పుకోలేదు. కోడి పిండంలో రక్తకణాలు రెండుగా చీలడం 1841లోనే మైక్రోస్కోప్‌లో చూశాడు, తర్వాత కప్ప గుడ్లు కూడా పరిశీలించి, జంతువుల్లో కణం ఇంకో కణం చీలితేనే వస్తుందని 1852లో తేల్చి చెప్పాడు. 1855లో విర్కో అనే జర్మన్ డాక్టరు కూడా అదే అన్నాడు, పేరంతా ఆయనకే వచ్చింది. రీమాక్ యూదుడు, మతం మారనన్నాడు, అందుకని ఫుల్ ప్రొఫెసర్ పోస్టు కూడా ఇవ్వలేదు, నాకైతే ఇది చదివినప్పుడల్లా చాలా బాధేస్తుంది.

రెండిట్లో నా ఓటు డౌట్ లేకుండా రీమాక్‌కే. ష్వాన్ లెక్కన కేన్సర్ గడ్డ ఏదో ద్రవంలోంచి కొత్తగా పుట్టుకురావచ్చు, రీమాక్ లెక్కన మన సొంత కణాలే అదుపు తప్పి చీలుతున్నాయి, ఇవాళ్టి కీమోథెరపీ మందుల్లో చాలావరకు కణవిభజన మీదే దెబ్బకొట్టేది అందుకేగా.