ఉట్రెక్ట్ డోమ్ టవరా, డెల్ఫ్ట్ న్యూవె కెర్క్ టవరా: ఏది ఎక్కాలి?

నెదర్లాండ్స్‌లో ఒక్క చర్చి టవర్ ఎక్కే తీరికే ఉంటే నా ఓటు ఉట్రెక్ట్ డోమ్‌కి. అలాగని డెల్ఫ్ట్ న్యూవె కెర్క్ (అంటే కొత్త చర్చి) తీసిపోయిందేమీ కాదు. ఆ దేశపు చర్చి టవర్లలో ఎత్తులో డోమ్‌ది మొదటి స్థానం, 112 మీటర్లు. దాదాపు 109 మీటర్లతో డెల్ఫ్ట్‌ది రెండోది.

డోమ్ టవర్ పని 1321లో మొదలై 1382లో పూర్తయింది. 2019 నుంచి 2024 దాకా మరమ్మతులు జరిగాయి. అన్నేళ్లూ సారువ చాటున దాగిన రాయి ఇప్పుడు తేటగా కనిపిస్తోంది. కానీ నన్ను లాగేది ఆ రాయి కాదు, టవర్ పక్కన ఉన్న ఖాళీ. చర్చి అటు, టవర్ ఇటు, మధ్యలో మైదానం! రెంటినీ కలిపే పొడవాటి భాగం 1674 ఆగస్టు 1న వచ్చిన తుఫానులో కూలిపోయింది. డబ్బు చాలక దానికి బయటి ఆనుడు గోడలు సరిగా కట్టలేదు మరి. శిథిలాలు 1826 దాకా అక్కడే పడి ఉన్నాయట! ఎంత సోమరితనమో!

ఎక్కాలంటే గైడ్ వెంట వెళ్లాల్సిందే. 465 మెట్లున్నా మధ్యలో ఆగి గంటలు చూపిస్తారు కాబట్టి ఊపిరి తీసుకోవచ్చు. 1505లో పోతపోసిన సాల్వేటర్ గంట ఒక్కటే ఎనిమిది టన్నుల పైమాట.

డెల్ఫ్ట్‌లో 376 మెట్లు, గైడ్ అక్కర్లేదు, మన ఓపికను బట్టి ఎక్కొచ్చు. మెట్లదారి మాత్రం బాగా ఇరుకు. ఎదురుగా ఎవరైనా దిగుతుంటే కాస్త టెన్షనే. 1396 నుంచి 1496 దాకా కట్టిన టవరే అయినా, 1872లో పిడుగు పడ్డాక శిఖరాన్ని వాస్తుశిల్పి కౌపెర్స్ కొత్తగా కట్టాడు. పాతకాలపు పనే చూడాలనుకునేవారికి అది కొంచెం వెలితి. అయితే కింద చర్చిలో డచ్చివాళ్లు జాతిపితగా చెప్పుకునే ఆరెంజ్ విలియం సమాధి ఉంది. పైనుంచి మార్కెట్ చౌరస్తా, ఒరిగిన పాత చర్చి టవర్, ఆకాశం తేరుకుంటే హేగ్, రాటర్‌డామ్ కూడా కనిపిస్తాయి. ఫొటోలకైతే డెల్ఫ్టే.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే రెండూ వద్దు, ఎక్కడా లిఫ్ట్ లేదు. వాళ్లను డెల్ఫ్ట్ చౌరస్తాలో కాఫీ దగ్గర కూర్చోబెట్టి మీరు ఎక్కి రండి.