‘అప్‌డేటే కదా సార్’ అన్నారు, నాలుగేళ్ల లెక్కలు పోయాయి: తిరుపతిలో కంప్యూటర్ కొన్నవారికి ఒక హెచ్చరిక

దుకాణం పేరు రాయడం లేదు. గుమ్మం మీద దేవుడి పటం కంటే పెద్ద అక్షరాలతో ‘నమ్మకానికి మారుపేరు’ అని రాయించుకున్న చోటు అంటే, అక్కడ కొన్నవారికి ఇట్టే అర్థమవుతుంది. నిన్న సాయంత్రం అక్కడినుంచి ఇంటికి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు కాబట్టి మాట కటువుగా ఉంటే మన్నించాలి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయిందన్న భయంతో, పాత కంప్యూటర్‌ను రెండు వేలకు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి, విండోస్ 11 ఉన్న కొత్తది వారి దగ్గరే కొన్నాను. విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చే డిఫెండర్ దేనికీ పనికిరాదని వారు చెబితే నమ్మి, డబ్బు పెట్టి యాంటీవైరస్ కూడా వేయించుకున్నాను. మొదటిసారి లాగిన్ చేయడానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలంటే ‘మాది పెట్టేస్తాంలే సార్, మీకెందుకు శ్రమ’ అన్నారు. పిన్ కూడా వారే పెట్టి ఇచ్చారు. ఇంటికి వచ్చి ఆ పిన్ మార్చుకుని, భద్రత విషయంలో నా అంత జాగ్రత్తపరుడు లేడని మురిసిపోయాను.

శనివారం రాత్రి ఆ యాంటీవైరస్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అడిగితే సరేనన్నాను. ఆ తరువాత తెర నీలంగా మారింది. మూడుసార్లు తనంతట తానే ఆగి మొదలైంది. అత్యవసరమైన ప్రోగ్రాములతో మాత్రమే విండోస్ తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి వెళ్లబోతే, డిస్క్‌కు విండోస్ వేసిన తాళం తీసే 48 అంకెల రికవరీ కీ అడిగింది. యాంటీవైరస్ కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, నలభై నిమిషాలు సంగీతం వినిపించిన తరువాత, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తమ ప్రోగ్రామ్‌ను తీసేయమన్నారు. అక్కడికి వెళ్లడానికే కదా కీ లేనిది అంటే, అది మైక్రోసాఫ్ట్ వారి విషయమని చెప్పి పెట్టేశారు.

యాంటీవైరస్ విండోస్ గుండెకాయ దాకా చొరబడి, దానితో పాటే మేలుకునే ప్రోగ్రామ్ కాబట్టి అందులో తప్పు దొర్లితే యంత్రమే లేవదని ఇప్పుడు తెలిసింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ వారి అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలినప్పుడు కూడా, మరమ్మతు చేయబోయిన చాలా మంది ఈ కీ దగ్గరే చిక్కుకుపోయారు. కాబట్టి అప్‌డేట్ చెడిపోవడాన్ని నేను క్షమించగలను. క్షమించలేనిది సోమవారం జరిగింది.

సీపీయూను మోసుకువెళ్లి దుకాణంలో పెట్టి, అందులో తోట లెక్కలున్నాయని, ఏదీ చెరిపేయవద్దని, ఒకసారి కాదు రెండుసార్లు చెప్పాను. దామలచెరువు పక్కన మా తోతాపురి తోటకు సంబంధించిన నాలుగేళ్ల తూకం చీటీలు అందులోనే ఉన్నాయి. ఆ చీటీల మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి కాబట్టి, ఒక్కొక్కటే స్కాన్ చేసి దాచుకున్నాను. సాయంత్రం వెళ్లేసరికి యంత్రం కళకళలాడుతోంది. డెస్క్‌టాప్ మీద మాత్రం చెత్తబుట్ట బొమ్మ, మళ్లీ వేసిన అదే యాంటీవైరస్ తప్ప ఏమీ లేవు.

“ఫార్మాట్ చేసేసినాం సార్. కీ లేకుండా ఇంకేం దారి లేదు” అన్నాడు యజమాని.

నేను నోరు తెరిచేలోగా, పక్కన స్క్రూలు బిగిస్తున్న పిల్లవాడు తలెత్తి, “అన్నా, ఆ కీ మన అకౌంట్‌లోనే ఉంటాది కదా, మనమే కదా లాగిన్ చేసింది” అన్నాడు.

యజమాని వాడిని టీకి పంపించాడు. నేను కదలకుండా నిలబడితే, విధిలేక ఫోన్ తీసి చూశాడు. పొడవైన జాబితా; ఎవరెవరి ఇళ్ల యంత్రాలో అన్నీ వరుసగా ఉన్నాయి. శనివారం రాత్రి నీలి తెర మీద కనిపించిన కీ గుర్తింపు సంఖ్యను నేను కాగితం మీద రాసుకున్నాను. అందులో ఒక వరుస దానితో సరిపోయింది. దాని పక్కనే ఆ 48 అంకెలూ ఉన్నాయి. ఒక్క నిమిషం ఫోన్ చూసి ఉంటే తెరుచుకునే తాళం అది.

“ఉన్నా ఇప్పుడేం చేస్తాం సార్? సీ డ్రైవ్‌లో ఎవురన్నా లెక్కలు పెట్టుకుంటారా? డేటాకు మాది గ్యారంటీ లేదని బిల్లు ఎనకాల రాసే ఉండాది” అని చెప్పి, సర్వీసుకు పదిహేను వందలు అడిగాడు. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచె వేసినవాడే చేను దున్నేసి కూలి అడిగాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇచ్చాను. వెనక నలుగురు నిలబడి చూస్తుంటే నోరు పెగల్లేదు.

డిస్క్‌లోంచి తిరిగి లాగవచ్చేమోనని తెలిసిన మరొకరికి చూపించాను. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే కీ లేకుండా చదవలేని విధంగా తాళం పడిన ఎస్ఎస్‌డీ డిస్క్‌ను ఫార్మాట్ చేశాక ఆశ పెట్టుకోవద్దన్నారు. ఇంతకూ మా బీరువాలో, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పని ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంది. బ్యాకప్ కోసమే కొన్నాను, తీరిక దొరకలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఈ రోజు ఫిర్యాదు చేశాను. దుకాణంవారి చేత కంప్యూటర్ సిద్ధం చేయించుకున్నవారు సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అక్కడ ఎవరి ఈమెయిల్ ఉందో చూడండి. మీది కాకపోతే మీదిగా మార్పించుకుని, రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఆ పని చేయడానికి కూడా సర్వీస్ చార్జీ అడిగితే, డబ్బు చేతికిచ్చేముందు బిల్లు వెనక వైపు చదవండి.