పికప్ సస్పెన్షన్ ఇంట్లో మార్చుకుంటే ఏది మేలు: విడి షాకులా, బిగించి వచ్చే సెట్టా?

డల్లాస్ దగ్గర ఉంటున్న మా బావగారి ఫోర్డ్ పికప్ ట్రక్కు ఎఫ్-150 లక్ష మైళ్లు దాటింది. స్పీడ్ బంప్ ఎక్కి దిగితే ముందు భాగం రెండు మూడు సార్లు ఊగితే గానీ కుదురుకునేది కాదు. చేతిలో బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే మిషను) ఉందన్న ధైర్యంతో, షాకులు, అంటే ఆ ఊగుడుని అణిచే షాక్ అబ్జార్బర్లు మార్చే పనంతా ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే చేద్దామనుకున్నాం. రెండు వీకెండ్లు పట్టింది. ఒక్క వీకెండ్‌లో అయిపోవాల్సిన పని అది.

ఈ ట్రక్కుకి వెనక మన లారీలకున్నట్టే కమాన్లు, అంటే పట్టీల స్ప్రింగులు. అక్కడ షాకులు విడిగా ఉంటాయి, పైనొక బోల్టు, కిందొక బోల్టు. అక్కడ ఆలోచించేదేమీ లేదు. ముందు వైపు మాత్రం కాయిల్ స్ప్రింగ్ మధ్యలో షాక్ దూరి, రెండూ కలిసి ఒకే ముక్కగా ఉంటాయి. దీనికి రెండు దారులు. షాక్ ఒక్కటే కొని పాత స్ప్రింగ్‌ని దానికి మార్చుకోవచ్చు. లేదా కొత్త స్ప్రింగ్, పైన మౌంట్ అన్నీ ముందే బిగించి వచ్చే సెట్ కొనవచ్చు.

మొదటిది చవక, అందుకే అటు మొగ్గాం. స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్‌ని ఆటోజోన్ అనే కారు విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగి ఇస్తే డబ్బు వెనక్కిస్తారు. రెండు పొడవాటి మరలు, వాటి చివర కొక్కేలు, అంతే. చెరో పక్కా సమానంగా తిప్పుతూ పోవాలి. సగం నొక్కాక ఒక కొక్కెం వేలెడంత పక్కకి జరిగింది. స్ప్రింగ్ అరటిపండులా వంగింది. "ఆగవయ్యా, ఇంకొక్క చుట్టు కూడా వద్దు" అన్నారు బావగారు. ట్రక్కు ఒక మూల బరువంతా మోసే స్ప్రింగ్ అది, జారితే ముఖమే ఎదురుగా ఉంటుంది. చేత్తో మెల్లగా వదులు చేసి, ఆ సాయంత్రమే రెండు వైపులకీ బిగించి వచ్చే సెట్లు ఆర్డర్ పెట్టాం. ఆ కంప్రెసర్ మరలని ఇంపాక్ట్‌తో తిప్పాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోండి. మర అరిగి తెగిపోతుంది.

సెట్ వచ్చాక ఒక్కో వైపు రెండు గంటలు కూడా పట్టలేదు. విప్పాల్సినవి పైన మూడు నట్లు, కింద బోల్టులు, స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు, బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే గుండు కీలు). ఇంట్లో చేసుకునేవాళ్లకి నా ఓటు దీనికే, ధర ఎక్కువైనా సరే.

ఇక ఇంపాక్టా, చేతి రెంచా? విప్పడానికి ఇంపాక్ట్‌ని మించింది లేదు. అంతకుముందు ఒక టైర్ షాపులో బిగించిన చక్రం నట్లు పొడవాటి రాడ్‌తో నిలబడి తొక్కినా కదల్లేదు, ఇంపాక్ట్‌కి రెండు సెకన్లలో వచ్చేశాయి. ఒక్క బాల్ జాయింట్ దగ్గర మాత్రం నట్టుతో పాటు లోపలి పిన్ను కూడా తిరుగుతుంది, అక్కడ చేతి రెంచే.

బిగించడానికి మాత్రం ఇంపాక్ట్ వద్దు. నట్టు ఎంత బిగుసుకుందో దానితో తెలియదు. ఎఫ్-150 చక్రం నట్లకి 150 ఫుట్ పౌండ్ల బిగువు పెట్టాలి, అంటే అంత బిగువుకి సెట్ చేసిన టార్క్ రెంచ్ టక్కుమనే దాకా. రబ్బరు బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) ఉన్న బోల్టులు, అంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చేయి), కమాన్లవి విప్పితే, బరువు చక్రాల మీద పడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. ట్రక్కు గాల్లో ఉండగా బిగిస్తే కిందికి దించగానే రబ్బరు మెలిపడి, అలాగే ఉండి తొందరగా చిరుగుతుంది. ఈ తప్పు యూట్యూబ్ చూసి చేసేవాళ్లలో చాలామందికి జరుగుతుంది.

అసలు షాపుకే ఇవ్వడం మేలా? మిషిగన్, షికాగో వైపు ఉండేవాళ్లయితే ఇచ్చేయండి. మంచుకి రోడ్ల మీద చల్లే ఉప్పుతో బోల్టులు తుప్పుపట్టి ఉంటాయి, తల విరిగితే డ్రైవ్‌వేలో ఏమీ చేయలేం. టెక్సాస్‌లో ఆ బెడద తక్కువ. ఎత్తిన బండిని మోసే జాక్ స్టాండ్లు లేకపోయినా షాపే. ఉత్త జాక్ మీద నిలిపిన బండి కిందికి తల పెట్టకూడదు. ఎక్కడ చేయించుకున్నా చివర్లో చక్రాల అలైన్‌మెంట్ (వాటి కోణాలు సరిచేయించడం) తప్పదు.

ప్రతి బోల్టు మీదా బిగించాక తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీశాం. వంద మైళ్లు తిరిగాక టార్చ్ వేసి కిందికి దూరి చూశాను. గీతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.