ఎం.ఆర్.పల్లి షటిల్ తరగతి: ఆరు ఆదివారాలు, రూ.2,400

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నాలుగేళ్లుగా షటిల్ ఆడుతోంది. మొదటి గేమ్ గెలిచి, చివరి రెండూ పోగొట్టుకుని రావడం పరిపాటి అయింది. చేతిలో ఆట ఉంది, స్కోరు 15 దాటేసరికి కాళ్లు బిగుసుకుపోతాయి. అందుకే తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఒక మాజీ క్రీడాకారిణి ఆదివారాలు ఉదయం 6 నుంచి 8 దాకా నడిపే తరగతిలో చేర్పించాను.

ఇక్కడ స్మాష్ లాంటి షాట్లు నేర్పరు, పాయింటు పోయాక మనసును నిలబెట్టుకోవడం నేర్పుతారు. షాట్లకు మీ కోచ్ ఉండాల్సిందే. మేడమ్ పన్నెండేళ్లు ఒక సంస్థ జట్టుకు జీతం మీద ఆడారు. మోకాలికి రెండో ఆపరేషన్ తరువాత రాకెట్ పక్కన పెట్టారు. ఓడిన రాత్రుల్లో రైలు పై బెర్తు మీద పడుకుని తాను వెతుక్కున్న సాకులన్నీ మొదటి రోజే దాచకుండా పిల్లలకు చెప్పారు. ఆ నిజాయతీ నాకు నచ్చింది.

ప్రతి ఒక్కరూ ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. అందులో స్కోరు రాయకూడదు. పాయింటు పోగానే చూపు ఎటు పోయింది, మనసులో ఏ మాట వచ్చింది, అంతే రాయాలి. అది కూడా ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున.

మూడో ఆదివారం మేడమ్ ఒక గేమ్ మొత్తం ఫోనులో తీశారు. షటిల్‌ని వదిలేసి మా అమ్మాయి ముఖాన్నే తీశారు. నన్ను పిలిచి, "అన్నా, శబ్దం తీసేసి చూడండి" అన్నారు. పాయింటు పోయిన ప్రతిసారీ పిల్ల ఎడమ భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. షటిల్ కోసం వంగుతూ కూడా చూస్తోంది. పదకొండుసార్లు లెక్కపెట్టాను. అటువైపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నది నేనే.

"నేనెప్పుడూ తిట్టలేదు మేడమ్" అన్నాను.

"తిట్టరు. పెదవి విరుస్తారు."

నా మార్కుల కాగితం చూసి మా నాన్న అలాగే పెదవి విరిచేవారు. ముప్పై ఏళ్లు గడిచినా ఆ ముఖం నాకు గుర్తుంది.

మేడమ్ ఇచ్చే ఉదాహరణలకు లెక్క ఉంటుంది. 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి.సింధు 110 నిమిషాలు పోరాడి 19-21, 22-20, 20-22తో జపాన్ క్రీడాకారిణి ఒకుహరా చేతిలో ఓడింది. 2018 ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి మారిన్ చేతిలో ఓడింది. 2019లో బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో ఓడించింది. "ఆ 20-22 మర్నాడు మీరైతే ఏం రాస్తారు?" అని పిల్లల్ని అడిగి, అరగంట రాయించారు. 11 పాయింట్ల దగ్గర వచ్చే 60 సెకన్ల విరామాన్ని కూడా గడియారం పెట్టి సాధన చేయించారు: నీళ్లు, తువాలు, తరువాతి పాయింటుకు ఒకే ఒక్క పని. అంతకుముందు ఆ నిమిషమంతా పక్కనుంచి అరిచి సలహాలిచ్చింది నేనే.

లోపాలూ ఉన్నాయి. ఇచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు మీడియం పిల్లలకు అవి కొరుకుడు పడవు. నేను తెలుగులో రాసి జిరాక్సులు తీయించి పంచాను. నాలుగో వారానికి పిల్లలు ఇరవై మంది అయ్యారు, ఒక్కొక్కరికి కోర్టు మీద పది నిమిషాలు కూడా దక్కలేదు. షటిల్ గాలికి పోకుండా తలుపులు మూస్తారు కాబట్టి లోపల ఉక్కపోత. తల్లిదండ్రులను మూడో వారం దాకా ఆగకుండా మొదటి వారమే పిలవాలి. అయినా ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగింది, మా అబ్బాయినీ పంపుతాను.

మొన్న చిత్తూరులో పోటీకి వెళ్లాం. నేను ఆఖరి వరుసలో కూర్చున్నాను. మూడో గేమ్, 18-18. పాయింటు పోయింది. తల ఎడమకు సగం తిరిగి ఆగింది. వేళ్లతో రాకెట్ తీగలు సరిచేసుకుని సర్వీసు అందుకోవడానికి నిలబడింది. 19-21తో ఓడింది.

తిరుగు బస్సు చంద్రగిరి దాటేదాకా నేనేమీ అడగలేదు. తనే అంది, "నాన్నా, పద్దెనిమిది దగ్గర నేను తిరగలేదు, చూశావా?"