చనిపోయినవారి పేర ట్యాక్స్ అప్పీలు ఉందా? ఆ భూమికి బయానా ఇవ్వకముందే ఇది చదవండి

భీమవరం వైపు చెరువులైనా, కోనసీమ కొబ్బరితోటలైనా వారసుల దగ్గర కొనేటప్పుడు వినిపించే మాట ఒకటుంది: "నాన్నగారి మీద ఇన్‌కమ్ ట్యాక్స్ అప్పీలు ఉండేదండి, ఆయనతోనే పోయింది." నమ్మి బయానా ఇచ్చినవాళ్లు ఇరుక్కుంటున్నారు.

అప్పీలు పోదు. క్రిమినల్ కేసులో ముద్దాయి పోతే కేసు ముగుస్తుంది కదా, ఇదీ అంతే అనుకుంటారు. 1961 ఆదాయపు పన్ను చట్టం 159వ సెక్షన్ ప్రకారం వారసులే ఆయన స్థానంలోకి వస్తారు. పన్ను కేసుల రెండో అప్పీలు వినే ట్రిబ్యునల్‌లోనూ (ఐటీఏటీ) దాని 26వ రూలు అదే చెబుతుంది. వారసుల బాధ్యత మాత్రం ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే. ఆ ఆస్తి మనం బేరమాడుతున్న భూమే మరి!

అసలు గొయ్యి 281వ సెక్షన్. కేసు నడుస్తుండగా అమ్మితే, పన్ను బాకీ విషయంలో ఆ అమ్మకం చెల్లదు. పన్ను అధికారి అనుమతి లేకుండా కొన్నవాడు బయటపడాలంటే తగిన ధర ఇచ్చి ఉండాలి, కేసు సంగతి తెలియకుండానూ కొని ఉండాలి. "అప్పీలు ఉండేది" అన్న మాట చెవిన పడ్డాక తెలియదనడం కుదరదు. ఇక ధర అంటారా, దస్తావేజులో గవర్నమెంటు రేటు వేసి మిగతాది నగదుగా ఇచ్చే మన అలవాటు తెలిసిందే. కాగితం మీద సగం ధరే ఉంటే తగిన ధర ఇచ్చామని దేంతో రుజువు చేస్తారు? అమ్మకం రద్దు కోసం ఆదాయపు పన్ను శాఖ సివిల్ కోర్టుకే వెళ్లాలని 1998లో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే, కానీ ఆ వాయిదాలకి తిరిగేది మనమే.

ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల జాబితా) శుభ్రంగా ఉందని ధీమా వద్దు. పెండింగ్ అప్పీలు ఈసీలో రాదు.

బయానాకి ముందే వారసుల చేత ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లీగల్ హెయిర్‌గా (వారసుడిగా) రిజిస్టర్ చేయించండి. డెత్ సర్టిఫికెట్, చనిపోయినవారిదీ వారసుడిదీ పాన్‌లు, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. లాగిన్ అయ్యాక బాకీ డిమాండ్లు, ఈ-ప్రొసీడింగ్స్ (నోటీసులు కనిపించేచోటు) పేజీలు మీ కళ్ల ముందే తెరిపించండి. ఫారం 35 (కమిషనర్ దగ్గర వేసే మొదటి అప్పీలు) రసీదు అడగండి. కేసు విశాఖపట్నం ట్రిబ్యునల్‌లో ఉంటే వారసుల పేర్లతో సవరించిన ఫారం 36 (ట్రిబ్యునల్ అప్పీలు ఫారం) దాఖలైందేమో చూడండి. నోటీసులు ఇంకా చనిపోయినవారి ఈమెయిలుకే వెళ్తుంటే, ఎవరూ హాజరుకాక అప్పీలు కొట్టేసే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత 281 కింద అనుమతికి వాళ్ల చేతే దరఖాస్తు పెట్టించండి, కనీసం నెల ముందు. "మాకెందుకండీ ఆ గొడవ" అంటే 159(4) చూపించండి: బాకీ తీర్చకుండా ఆస్తి అమ్మితే, దాని విలువ మేరకు వాళ్లే సొంతంగా కట్టుకోవాలి.