మందుకు లొంగని వైరస్‌పై పరిశోధన: హెచ్‌ఐవీ మేలా, ఇన్‌ఫ్లూయెంజా మేలా?

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల వైరాలజీ ఎమ్మెస్సీ ముగించి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) సంపాదించినవారు తరచూ అడిగే ప్రశ్న ఇది: వైరస్‌లు మందులను తట్టుకునే తీరుపై పీహెచ్‌డీ చేయదలిస్తే ఏ వైరస్‌ను ఎంచుకోవాలి? నా మొగ్గు హెచ్‌ఐవీ వైపే అయినా, ఇన్‌ఫ్లూయెంజాకు న్యాయంగా దక్కవలసిన మార్కులు ముందు వేస్తాను.

ఇన్‌ఫ్లూయెంజాతో కలిసివచ్చేది కాలం. ప్రయోగశాల కణాల్లో అది రెండు మూడు రోజుల్లోనే పెరుగుతుంది కనుక, ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మోతాదు పెంచుకుంటూ తరం తర్వాత తరం పెంచి చూసే ప్రయోగం కొన్ని వారాల్లో కొలిక్కి వస్తుంది. హెచ్‌ఐవీతో అదే పనికి నెలలు పడుతుంది. ఆసక్తికీ కొదవ లేదు. ఆ మందు అడ్డుకునే వైరస్ ఎంజైమ్ న్యూరామినిడేజ్‌లో, మందును తట్టుకునే హెచ్275వై అనే మార్పు వస్తే వైరస్ బలహీనపడుతుందని, కాబట్టి వ్యాపించదని చాలాకాలం అనుకున్నారు. 2007-08 చలికాలంలో, ఆ మందు వాడకం చాలా తక్కువగా ఉన్న నార్వేలో సైతం, అదే మార్పు ఉన్న సీజనల్ హెచ్1ఎన్1 విరివిగా కనిపించింది. ఏడాది తిరిగేసరికి ప్రపంచమంతా పరచుకుంది. కోల్పోయిన బలాన్ని వేరే మార్పులు పూడ్చాయని తర్వాత తేలింది. ఇంతలో 2009 మహమ్మారి వైరస్ వచ్చి ఆ రకాన్నే తుడిచిపెట్టింది: ఎవరూ పరిష్కరించకుండానే సమస్య మాయమైంది!

నా దృష్టిలో తూకాన్ని నిర్ణయించేది మాత్రం నమూనా వెనుక ఉన్న చికిత్స చరిత్ర. ఫ్లూ రోగి దగ్గర సాధారణంగా ఒక్క స్వాబ్ దొరుకుతుంది, వారం తిరిగేసరికి అతను కోలుకుంటాడు. హెచ్‌ఐవీ రోగి జీవితాంతం ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) కేంద్రానికి వస్తాడు. మన దేశంలో ఉచిత చికిత్స 2004 ఏప్రిల్ 1న మొదలైంది. హెచ్‌ఐవీ భారం ఎక్కువగా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో దీర్ఘకాలంగా మందులు వాడుతున్నవారు ఎందరో ఉన్నారు. ఆ చరిత్ర లేకపోతే వైరస్ జన్యుక్రమాన్ని చూపే సీక్వెన్స్ రిపోర్టు సగమే అర్థమవుతుంది. లామివుడిన్ అనే హెచ్‌ఐవీ మందును తట్టుకునే ఎం184వి మార్పు వైరస్‌కు భారం కనుక, మందు ఆపిన కొన్నాళ్లకు ప్లాస్మాలో కనిపించకుండా పోతుంది, కానీ కణాల డీఎన్‌ఏలో దాగి ఉంటుంది. నెవిరపిన్, ఎఫావిరెంజ్ మందులకు లొంగని కె103ఎన్ మార్పు అంత భారం కాదు కనుక ఏళ్ల తరబడి కనిపించవచ్చు. రోగి మాత్రలు ఎప్పుడు మానేశాడో తెలియనివాడు ఎం184వి కనిపించని రిపోర్టు చూసి నిరోధకత లేదని పొరబడతాడు.

డోలుటెగ్రావిర్ అనే కొత్త మందు వచ్చాక హెచ్‌ఐవీలో ఈ రంగానికి పని లేదని కొందరంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తొలి వరుసలో ఉంచిన మాట నిజమే, దాన్ని తట్టుకోవడం వైరస్‌కు కష్టమన్నదీ నిజమే. అసాధ్యం మాత్రం కాదు. పైగా కాబోటెగ్రావిర్ వంటి దీర్ఘకాలిక ఇంజెక్షన్లు ఆపేసిన తర్వాత మందు నెలల తరబడి తక్కువ మోతాదులో శరీరంలో మిగిలిపోవడం, వైరస్‌కు తట్టుకోవడం నేర్పే పరిస్థితే.

ఉద్యోగాల విషయంలో పుణెలోని ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) నుంచి అట్లాంటా, మెల్‌బోర్న్ కేంద్రాల దాకా ఫ్లూ నిఘా వ్యవస్థ ఉండటం ఇన్‌ఫ్లూయెంజాకు అనుకూలం. హైదరాబాద్ కంపెనీలు హెచ్‌ఐవీ మందులు పెద్దఎత్తున తయారుచేస్తాయని ఆశపడకండి, జనరిక్ తయారీకి కావలసింది ప్రధానంగా రసాయన శాస్త్రజ్ఞులు.

హెపటైటిస్ సి కొత్త మందులతో నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతోంది కనుక దాని మీద జీవితకాలపు వృత్తి కట్టుకోలేం. ఎసైక్లోవిర్ మందుకు లొంగని హెర్పిస్ వైరస్ ప్రధానంగా రోగనిరోధక శక్తి తగ్గినవారిలోనే కనిపిస్తుంది, అవయవ మార్పిడి ఆసుపత్రితో సంబంధం ఉంటే తప్ప అటు వెళ్లవద్దు.

చేరే ముందు గైడ్‌ను ఒక్కటే అడగండి: ఒకే రోగి నుంచి చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ప్లాస్మా, మందుల వివరాలతో సహా, ఫ్రీజర్‌లో ఎన్ని ఉన్నాయి? లేవంటే, ఇంత చెప్పిన నేనే ఇన్‌ఫ్లూయెంజా తీసుకోమంటాను.