ఎర్తింగా, ఆర్‌సీసీబీనా? నీళ్ళలో మోటారు నడిచే చోట ఏది మేలు

వానలు మొదలయ్యాయంటే పునాదులు తీసేవాళ్ళూ, చెరువులు చేసేవాళ్ళూ అడిగే ప్రశ్న ఒక్కటే: “ఎర్త్ పిట్ బాగానే వేయించాం కదండీ, మళ్ళీ ఆర్‌సీసీబీ ఎందుకు?” ఎర్త్ పిట్ అంటే మోటారు బాడీ నుంచి వచ్చే ఎర్త్ వైరుని భూమికి కలిపే గొయ్యి. ఆర్‌సీసీబీ అంటే కరెంటు కాస్త బయటికి లీకైనా పసిగట్టి సప్లై తెంచే స్విచ్.

గోదావరి డెల్టాలో ఈ ధీమా ఊరికే రాలేదు. కాస్త తవ్వితే ఊట తగిలే నేల మనది. తడి మట్టిలో ఎర్త్ బాగా దొరుకుతుంది కాబట్టి, కరెంటు లీకైతే భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుందని నమ్మకం. ఒకసారి లెక్క చూడండి. పిట్ నిరోధం 5 ఓమ్‌లు అనుకుందాం, అది మంచి పిట్టే. ఊటనీరు తోడే మోటారులో ఫేజు వైరు బాడీకి తగిలితే, 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. అంతకు మించి పారదు. బోర్డులో ఉన్నది ‘సి’ రకం 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ట్రిప్పయి పడిపోయే స్విచ్) అయితే, అది తక్షణం పడాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 46 దగ్గర గంట గడిచినా పడకపోవచ్చు. అంతసేపూ బాడీ మీద వోల్టేజి ఉంటుంది. గోతిలో మోకాలి లోతు నీళ్ళలో ఉన్న కూలీ ఆ మోటారునే పట్టుకుని జరుపుతాడు.

తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు. అంటే 230 మిల్లీ ఆంపియర్లు గుండె మీదుగా పోవచ్చు. ఆ గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, లీకేజీ అంతకు చేరితే 0.3 సెకనులోపు, దానికి అయిదు రెట్లయితే 0.04 సెకనులోపు సప్లై తెంచేస్తుంది. పిట్ ఎండిపోయి 100 ఓమ్‌లు చూపించినా పారేది 2.3 ఆంపియర్లు. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, ఆర్‌సీసీబీకి ఎక్కువే.

అలాగని ఎర్తింగ్ మానకూడదు. ఎర్త్ వైరు ఉంటే ఇన్సులేషన్ పోయిన క్షణానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. లేకపోతే ఎవరో ముట్టుకున్నాక పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు నేలల్లో జీఐ పైపునీ, క్లాంపు బోల్టునీ తుప్పు తొందరగా తినేస్తుంది. పైకి వైరు కనిపిస్తుంది, కింద పట్టు ఉండదు. ఏటా తవ్వి చూడాలి.

అసలు చిక్కు వేరే ఉంది. “ఊరికే ట్రిప్పవుతోంది” అని ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టు చేసేస్తారు. ప్రాణాలు పోయేది అక్కడే. ఊరికే పడదండీ. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు పదింటికి కలిపి ఒక్కటే 30 మిల్లీ ఆంపియర్లది పెడితే, ఒక్కో కేబులు నుంచి రెండు మూడు మిల్లీ ఆంపియర్లు కారినా మొత్తం హద్దు దాటుతుంది. దాని మీద 30 అని ఉన్నా, అందులో సగం, అంటే 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. మోటారుకి ఒకటి చొప్పున పెట్టండి. మెయిన్‌లో 100 లేదా 300 మిల్లీ ఆంపియర్ల, ఆలస్యంగా పడే ‘ఎస్’ రకం చాలు. అయినా పడుతుంటే లోడ్లన్నీ తీసి ఒక్కొక్కటే కలపండి. పడేసేది దొరికాక ఇన్సులేషన్ నిరోధం కొలిచే 500 వోల్టుల మెగ్గరుతో చూడండి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువుంటే ఆ మోటారు బయటికి రావాల్సిందే. చాలాసార్లు దొరికేది మోటారు లోపం కాదు, టేపు చుట్టి బోదెలో వదిలేసిన కేబుల్ జాయింటు. అది గట్టు మీద గుంజకు ఎత్తి కట్టాలి. ఆర్‌సీసీబీ దాటాక న్యూట్రల్ ఎర్త్‌కి గాని, ఇంకో సర్క్యూట్ న్యూట్రల్‌కి గాని తగిలినా ఇదే గోల.

మూడు ఫేజుల మోటారుకి నాలుగు పోల్స్ ఆర్‌సీసీబీ వాడితే ఇంకో సంగతి. చాలా రకాల్లో న్యూట్రల్ కలపకపోతే టెస్ట్ బటన్ పనిచేయదు. దాని మీద ఉన్న బొమ్మ చూసి కలిపించండి. నెలకోసారి బటన్ నొక్కండి. నొక్కినా పడకపోతే అది ఉన్నా లేనట్టే.

ఓవర్‌లోడుకి, షార్టుకి ఎంసీబీ విడిగా ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే, భూమిలోకి ఏమీ లీకవదు కాబట్టి ఆర్‌సీసీబీకి తెలియదు.

రబ్బరు బూట్లు, గ్లౌజులు వాడితే మంచిదే, కానీ చిరుగు పడినా, లోపలికి నీళ్ళు పోయినా వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. గోతిలో దీపానికి 24 వోల్టులది, చిన్న డ్రిల్లుకి బ్యాటరీది బాగుంటాయి. నీళ్ళు తోడే మోటారుకీ కాంక్రీటు వైబ్రేటరుకీ అవి చాలవు.

రెండూ ఒకేసారి కుదరక ముందు ఒకటే పెట్టించాలంటే నేను ఆర్‌సీసీబీయే అంటాను. పిట్ ఆ వారంలోనే వేయించండి. అప్పటిదాకా ఆన్ చేసి ఉన్న మోటారుని గోతిలో ఎవరూ జరపకూడదు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ప్లగ్గు చేతిలో పట్టుకున్న మనిషి పైనే నిలబడ్డాక మాత్రమే ముట్టుకోవాలి.